పద్దెనిమిది నిండని పిల్లలు క్రిప్టో కొంటామంటే ఇంట్లో ఏం చేయాలి

మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్. పోయిన దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి, అన్నం తింటూ తింటూ ఫోన్ నా ముందు పెట్టాడు. "మామా, గిది చూడు." స్క్రీన్ మీద ఒక కోతి బొమ్మ, నెత్తిన కిరీటం, నోట్లో బీడీ లాంటిదేదో. "ఏందిరా ఇది?" "ఎన్‌ఎఫ్‌టీ, ఈ బొమ్మ నాదని ఆన్‌లైన్‌లో ఉండే డిజిటల్ పట్టా లాంటిది. ఎనిమిది వేలకు కొన్న. ఇప్పుడు ఇరవై రెండు వేలు చూపిస్తుంది." "చూపిస్తుంది సరే, ఆ రేటుకు కొనేటోడు ఉన్నడా?" వాడు పప్పు కలుపుకుంటూ ఉండిపోయాడు. పది రోజుల నుంచి అమ్మకానికి పెట్టాడట, ఎంతకిస్తావని అడిగినవాడు కూడా లేడు.

నేను హన్మకొండలో ఐటీ రిటర్నులు వేసే పని చేస్తాను. ఇలాంటివి నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి, పేరు తల్లిదో తండ్రిదో ఉంటుంది, ఆట మాత్రం పిల్లాడిది. క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు, ఎన్‌ఎఫ్‌టీలు పిల్లల్ని కొననివ్వాలా వద్దా అని అడిగితే నా మాట ఒక్కటే, 18 నిండేదాకా కొననివ్వొద్దు. అయితే వద్దంటే వద్దని గద్దించి ఊరుకుంటే వాళ్ళు ఆగరు, మీకు చెప్పడం మానేస్తారు. అందుకని ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

ముందు ఫోన్ చూడండి, తిట్లు తర్వాత

"మావాడు బిట్‌కాయిన్ కొనియ్యమంటున్నాడు సార్" అని వచ్చే తండ్రులకు నేను చెప్పేది ఏంటంటే, అడుగుతున్నాడంటే చాలాసార్లు ఇప్పటికే ఎంతో కొంత కొని ఉంటాడు. ఎలా కొన్నాడో తెలుసుకోవాలి. ఎక్స్ఛేంజీ (కాయిన్లు కొనే, అమ్మే చోటు) యాప్‌లో ఖాతా కావాలంటే 18 నిండాలి, పాన్, ఆధార్, సెల్ఫీ అన్నీ అడుగుతారు, పైగా 2023 మార్చి నుంచి ఈ కంపెనీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి కాబట్టి కేవైసీ లేకుండా పని జరగదు. అందుకని పిల్లలు రెండు దారులు పడతారు. ఒకటి, అమ్మ పాన్ కార్డు ఫొటో తీసుకుని, అమ్మ మొహానికి ఎదురుగా ఫోన్ పట్టుకుని "ఒక్కసారి కళ్ళార్పవే, కాలేజీ యాప్" అనడం. నవ్వకండి, ఇది జరిగిందే.

రెండోది సొంత వాలెట్, అంటే కాయిన్లు దాచుకునే యాప్. దీనికి పాన్ అక్కర్లేదు, నీ వయసెంత అని అడిగేవాడు లేడు. డౌన్‌లోడ్ చేయగానే పన్నెండు ఇంగ్లిష్ పదాలు ఇస్తుంది, ఆ పదాలే తాళంచెవి, అవి ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వాళ్ళది. మావాడిది ఈ దారే. ఆ పన్నెండు పదాలనూ స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకున్నాడు, పోతాయేమోనని వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్నాడు కూడా. బీరువాకు తాళం వేసి చెవి వాకిట్లో తగిలించినట్టు.

మరి ఆ వాలెట్‌లోకి డబ్బు ఎలా వెళ్ళింది? టెలిగ్రామ్‌లో యూఎస్‌డీటీ అమ్మే ఎవడో మనిషికి మా అక్క యూపీఐ నుంచి. యూఎస్‌డీటీ అంటే డాలర్ విలువకు కట్టేసిన కాయిన్, దీంతోనే మిగతావన్నీ కొంటారు. నన్నడిగితే అసలు ప్రమాదం కాయిన్ రేటు పడిపోవడంలో లేదు, ఇక్కడుంది, అందులోనూ కొనడం కంటే అమ్మడంలో. మీ పిల్లాడు యూఎస్‌డీటీ అమ్మితే మీ ఖాతాలోకి వచ్చే పన్నెండు వేలు ఎక్కడివో మీకు తెలియదు. ఎక్కడో ఒకావిడ సైబర్ మోసంలో పోగొట్టుకున్న డబ్బు అయితే, ఆవిడ ఫిర్యాదు ఇవ్వగానే ఆ డబ్బు పోయిన దారి వెంట ఉన్న ఖాతాలను వరసగా ఆపేస్తారు. నా దగ్గరికి వచ్చే ఒక టీచర్ గారికి ఇదే అయింది. ఆగింది జీతం పడే ఖాతా. ఇంటి లోన్ ఈఎంఐ బౌన్స్ అయింది, ఆయన బ్యాంకుకూ పోలీస్ స్టేషన్‌కూ రెండు నెలలు తిరిగాడు, కొడుకేమో ఆ రెండు నెలలూ తండ్రి ముందుకు రాలేదు.

కాబట్టి పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సినవి ఇవి: ఆర్నెల్ల యూపీఐ లావాదేవీల్లో తెలియని పేర్లు, ఫోన్‌లో వాలెట్ యాప్‌లు, టెలిగ్రామ్ గ్రూపులు, గ్యాలరీలో ఆ పదాల ఫొటోలు. దొంగను పట్టుకున్నట్టు చూడొద్దు, వాడి చేతే చూపించండి. ఇంకో మాట, "మీ ఖాతా వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అనే మెసేజ్ ఏదైనా కనిపిస్తే అక్కడితో ఆపి గట్టిగా మాట్లాడాల్సిందే, ఎందుకంటే అది వ్యాపారం కాదు, దొంగ సొమ్ము మీ పిల్లాడి చేతుల మీదుగా దాటించడం.

చట్టం ఏమంటుంది

ఇది తొందరగానే అయిపోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళు ఒప్పందం చేసుకోలేరు, 1903లో మొహరీ బీబీ కేసులో బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రివీ కౌన్సిల్ మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని తేల్చింది. ఇది పిల్లల్ని కాపాడటానికి పెట్టిన సూత్రమే. కానీ అమ్మ పేరుతో తెరిచిన ఖాతాను కంపెనీ పట్టేసి మూసేస్తే, ఆడింది నేను కాదు మా అబ్బాయని చెప్పుకోవడానికి ఆ తల్లి ఎక్కడికి పోతుంది? షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో మైనర్ పేరు మీద ఖాతా ఉంటుంది, గార్డియన్ నడుపుతాడు. బ్యాంకు సేవింగ్స్ ఖాతా అయితే పదేళ్ళు దాటిన పిల్లలు, బ్యాంకు పెట్టిన పరిమితుల్లో సొంతంగానే నడుపుకోవచ్చు. ఇక్కడి క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో ఆ గార్డియన్ కుర్చీయే లేదు.

"నా పేరు మీదే కొనిస్తా, వాడు చూసుకుంటాడు" అంటారా? అప్పుడు పన్ను కూడా మీ పేరు మీదే. ఒకవేళ సొమ్ము మైనర్‌దే అన్నా, దాని మీద ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరిది ఎక్కువ ఆదాయమో వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. జీతం తప్ప వేరే లెక్క లేకుండా హాయిగా ఐటీఆర్-1 వేసుకునే గవర్నమెంట్ టీచరు కూడా, ఒక్క కాయిన్ అమ్మితే చాలు, ఐటీఆర్-2కి మారి, కొన్న తేదీ, అమ్మిన తేదీ, ఎంతకు కొన్నారో ఎంతకు అమ్మారో అన్నీ విడిగా ఒక షెడ్యూల్‌లో చూపించాలి. జూలై చివర్లో ఈ వివరాలు అడిగితే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు.

నోట్‌బుక్కులో కొనిపించండి

ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చేయండి. మావాడికి ఒక వంద పేజీల నోట్‌బుక్ ఇచ్చి, చేతిలో ఇరవై వేలు ఉన్నాయనుకో, మూడు కాయిన్లు కొను, మూడు నెలలు రాయి అన్నా. తేదీ, రేటు, ఎందుకు కొంటున్నావో ఒక్క ముక్క. షరతు ఒకటే, యూట్యూబ్‌లో అన్న చెప్పిండు అని రాయకూడదు. మొదటి పేజీలో "ఎందుకు" అన్నచోట వాడు రాసింది: అందరూ కొంటున్నరు. నేనేం అనలేదు. నాలుగో వారానికి దాని మీద వాడే అడ్డగీత కొట్టుకున్నాడు.

ఈ మధ్యలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. తెల్లారే వాడిని బండెక్కించుకుని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయా. మిర్చి ఘాటుకు గేటు దగ్గరే తుమ్ములు మొదలు. జెండా పాట చూపించడానికే తీసుకుపోయింది. జెండా పట్టుకుని వ్యాపారులు గుంపుగా వచ్చి, ఉన్నవాటిలో మేలైన రాశికి పాట పాడతారు, మర్నాడు పేపర్లో వచ్చేది ఆ రేటే. రెండు వరసల అవతల మా దూరపు చుట్టం చిన్నాయన బస్తాలున్నాయి, ఆయనకు క్వింటాకు పడ్డది దానికన్నా మూడు వేలు తక్కువ. "పేపర్లో మల్ల గంత అని రాస్తరు గదా?" అన్నాడు మావాడు. అదేరా, నీ కోతి బొమ్మ పక్కన చూపించే ఇరవై రెండు వేలు కూడా జెండా పాటే, అందులోనూ పాడినవాడు అమ్మేవాడి సొంత మనిషేనేమో, రెండు వాలెట్లు పెట్టుకుని తన సరుకు తనే కొనుక్కుని రేటు పెంచేవాళ్ళు ఎన్‌ఎఫ్‌టీల్లో బోలెడంత మంది. చిన్నాయన మిర్చికి తక్కువో ఎక్కువో ఆ రోజు ఒక రేటంటూ పడింది, బస్తాలు కదిలాయి.

వాడికి ఇంకోటి కూడా చెప్పా. ట్విటర్ పెట్టినవాళ్ళలో ఒకడైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్‌ను 2021లో ఎన్‌ఎఫ్‌టీగా ఒకాయన 29 లక్షల డాలర్లకు కొన్నాడు. ఏడాది తిరిగాక 4.8 కోట్ల డాలర్లకు అమ్ముతానని వేలం పెడితే, ఆ వేలంలో వచ్చిన పై పాట దాదాపు 280 డాలర్లు.

నోట్‌బుక్ లెక్క చివర్లో పన్ను వేయించడం మర్చిపోవద్దు, పిల్లలకు అసలు సంగతి ఎక్కేది అక్కడే. మావాడు ఒక కాయిన్ 10,000 పెట్టి కొని 16,000కు అమ్మినట్టు రాశాడు, ఇంకోటి 10,000కు కొని 4,000కు అమ్మాడు. లాభం ఆరు వేలు, నష్టం ఆరు వేలు, చెల్లుకు చెల్లు అని కింద గీత గీశాడు. చెల్లదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ లాభం మీద నేరుగా 30 శాతం, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేయడానికి లేదు, శ్లాబులు లేవు. ఆరు వేల మీద 1,800, దాని మీద 4 శాతం సెస్ 72, మొత్తం 1,872 రూపాయలు. అమ్మిన ప్రతిసారీ ఎక్స్ఛేంజీ కోసే 1 శాతం టీడీఎస్ ఇందులో సర్దుకోవచ్చు, అంతవరకే. "మామా, పైసా మిగలకున్నా ట్యాక్స్ ఏంది?" అని వాడు పెన్ను కింద పడేశాడు. అన్యాయమా కాదా అనేది వేరే చర్చ, నాకూ కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ కట్టేది మీ అమ్మ.

ఇప్పటికే కొనేసి ఉంటే

టెలిగ్రామ్‌లో తెలియనివాడికి అమ్మించొద్దు, ఎంత తొందరున్నా సరే. తల్లి కేవైసీతో ఉన్న ఖాతా అయితే పాస్‌వర్డు, ఓటీపీ అన్నీ తల్లి చేతికి తీసుకుని, లావాదేవీల స్టేట్‌మెంట్ దించుకుని, ఆ తర్వాత అక్కడే అమ్మేసి డబ్బు తల్లి బ్యాంకు ఖాతాలోకే తెచ్చుకోవాలి. సొంత వాలెట్ అయితే పన్నెండు పదాలు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి, ఫోన్‌లోని ఫొటోలు తీసేయాలి. ఆ ఫొటో ఎక్కడికైనా వెళ్ళి ఉంటే కొత్త వాలెట్ తెరిచి అందులోకి మార్చాలి, పాతదాన్ని నమ్మొద్దు. మోసపోయారని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటల్లో చేస్తేనే డబ్బు ఎక్కడైనా ఆపగలిగేది. తర్వాత "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఒకడు తప్పకుండా వస్తాడు, వాడు రెండో దొంగ.

మా కోతి బొమ్మ అమ్ముడుపోలేదు. అలాగే ఉంది. అక్కకు ఎనిమిది వేల సంగతి నేనే చెప్పా, ఒక పూట మాట్లాడలేదు.

బొమ్మలు గీసే పిల్లలైతే

వీళ్ళది కొంచెం వేరే లెక్క. 2021లో లండన్‌లో 12 ఏళ్ళ పిల్లాడు తిమింగలాల బొమ్మలు తయారుచేసి ఎన్‌ఎఫ్‌టీలుగా అమ్మి బాగానే సంపాదించాడు, మన పిల్లలు చూపించేది ఆ వార్తే. వాడు అమ్మినవాడు, కొన్నవాడు కాదు, అది చెప్పండి. మన పన్ను చట్టంలో కూడా పిల్లలు సొంత ప్రతిభతో సంపాదించింది తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు. గీయగలిగితే పెళ్ళి కార్డులకు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళకు గీయమనండి, డబ్బు వాడి సేవింగ్స్ ఖాతాలోనే పడుతుంది.

పద్దెనిమిది నిండాక

అప్పుడు వాడి ఇష్టం, వాడి కేవైసీ, వాడి రిటర్ను. ఒక ఏడాది మెస్ ఫీజు కాదు, ఒక నెల సినిమాల ఖర్చు పోయినా పర్లేదనుకునేంతతో మొదలుపెట్టమనండి. కేంద్రం ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ అయిన ఎక్స్ఛేంజీయేనా చూసుకోమనండి, అయినా అది భరోసా కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్ల దాకా విలువైన క్రిప్టో ఎత్తుకుపోతే అక్కడి జనం ఏడాదికి పైగా తమ సొమ్ము తీసుకోలేకపోయారు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా బీమా ఉంటుంది, ఇక్కడ అదేమీ లేదు.

మైనర్‌గా ఉన్నప్పుడు తీసిన పాన్ కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు, 18 నిండగానే వాటి కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. మావాడికి ఇంకా ఏడాది పైనే ఉంది కానీ, ఫొటో ఎప్పుడు దిగుదాం మామా అని ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.