నగరం నడిబొడ్డున ఉద్యానవనం: ముందుగా చూడవలసినవి
నగర కేంద్రంలో ఖాళీ స్థలం లేదని వెనుదీయకుండా, పాదచారుల దారిని తెగగొడుతున్న రహదారి ఎక్కడుందో ముందుగా గుర్తించాలి. అమెరికాలోని డాలస్‌లో పల్లంలో సాగే వుడాల్ రాడ్జర్స్ ఫ్రీవే అనే వేగ రహదారిపై కప్పు వేసి, 2012లో సుమారు 5 ఎకరాల క్లైడ్ వారెన్ పార్కును తెరిచి, దానికి ఇరువైపులా ఉన్న అప్‌టౌన్, డౌన్‌టౌన్ ప్రాంతాలను కలిపారు. ఇలాంటి కప్పుపై బరువే అసలు చిక్కు కనుక, అక్కడ చేసినట్లే, దూలాల వరుసల మధ్య చెట్ల వేళ్లకు లోతైన చోటు వదిలి, మట్టి బరువు తగ్గేలా తేలికైన నురుగు (ఫోమ్) దిమ్మెలను పరచాలి. నీడ, అటూ ఇటూ జరపగల కుర్చీలు, తినుబండారాల బండ్లు తప్పనిసరి. నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది, నాటిన మొక్కను సాకేవారెవరో శంకుస్థాపనకు ముందే తేల్చుకోవడం: డాలస్‌లో ఉద్యానవనం నగరపాలక సంస్థదే అయినా, దాని నిర్వహణనూ, ఏడాది పొడవునా జరిగే ఉచిత కార్యక్రమాలనూ ఒక లాభాపేక్షలేని సంస్థ చూసుకుంటోంది.