వెనక కాలు ఇవ్వని గుర్రం: తప్పు నాదే అని తేలింది

మా ఆడగుర్రం ముందు కాళ్లు బుద్ధిగా ఇచ్చేది. వెనక ఎడమ కాలు ముట్టుకుంటే మాత్రం తన్నేది. లాడాలు కొట్టే తాత రెండుసార్లు తప్పించుకుని, "పై పెదవికి తాడు మెలేసి పట్టు బాబూ, ఊరుకుంటుంది" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ముందు పశువుల డాక్టరుకి చూపించాను. కీళ్లనొప్పులుంటే ఎంత నేర్పినా దండగే కదా. అలాంటిదేం లేదన్నారు. ఫోన్లో వీడియో తీసి చూసుకుంటే దొంగ దొరికాడు, నేనే! అది కాలు విదిలించగానే చెయ్యి తీసేస్తున్నాను. అంటే "తన్ను, వదిలేస్తా" అని రోజూ పాఠం చెబుతున్నానన్నమాట.

వెదురు కర్ర చివర పాత గ్లవ్ కట్టి, భుజం పక్కన నిలబడి, తొడ మీంచి మెల్లగా కిందికి రాశాను. (తోక వెనక సూటిగా దానికేమీ కనబడదు, అటునుంచి పోకూడదు.) విదిలిస్తే గ్లవ్ అక్కడే ఉంచాను. కదలకుండా నిలబడ్డ క్షణంలో తీసేశాను. మూడు రోజులు చెవులు వెనక్కి, తోక బిగించే ఉంది. నాలుగో రోజు ఒక చెవి నావైపు తిప్పి, తల దించి, బుస్సుమని ఊపిరి వదిలింది. అప్పుడు చేత్తో మొదలెట్టాను.

కాలు ఎత్తడానికి ముందు మూడు కాళ్ల మీద బరువు సర్దుకోనిచ్చేవాణ్ణి. అది లాక్కోకముందే నేనే కింద పెట్టేవాణ్ణి. మొదట్లో ఒక్క సెకనే.

పదిహేనో రోజు తాత నాలుగు లాడాలూ కొట్టి, "ఏం మందు పెట్టావ్?" అన్నాడు. నానబెట్టిన ఉలవల గిన్నె చూపించాను.