రోహిణి ఎండలో సా నిలవాలంటే: మాడ్యులర్ సింథ్‌కి ఆసిలేటర్ కొనేముందు

ఒంగోలు లాయర్‌పేటలో మా ఇంటి మేడ మీద ఒక రేకుల గది ఉంది. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించి సంపాదించిన దాంట్లో కొంత ఆ గదిలోని సింథ్‌కే పోశాను. విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి వాయించే రకం అది. మొదటి ఆసిలేటర్, అంటే అందులో స్వరం పుట్టించే భాగం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డిసెంబర్లో దానితో ఏ పేచీ లేదు. రోహిణి కార్తె వచ్చింది. ఒకరోజు పొద్దున ఒకటిన్నర శ్రుతికి సా కలిపి, కిందికి దిగి అన్నం తిని మళ్లీ పైకెక్కాను. ఫోన్‌లో తంబూరా యాప్ పెడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

మొన్న కావలిలో చదువుకునే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నాబ్‌లు బోలెడున్నది ఒకటి చూశా, కొననా?" అన్నాడు. "నాబ్‌లు తర్వాత లెక్కపెడుదువుగానీ, ఎండకు తట్టుకుంటుందేమో కనుక్కో ముందు" అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

యూరోర్యాక్ అనే ప్రామాణిక కొలతకు చేసిన మాడ్యూళ్లలో ఎక్కువ ఆసిలేటర్లకు లెక్క ఒకటే. ఒక వోల్ట్ పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరగాలి. స్థాయికి 12 స్వరస్థానాలు కాబట్టి ఒక్కోదానికి దాదాపు 83 మిల్లీవోల్టులు. ఎనిమిది మిల్లీవోల్టులు అటూఇటూ అయితే స్వరస్థానంలో పదో వంతు తప్పినట్టే. శ్రుతి పెట్టె పక్కన వింటే ఆ తేడా దాగదు. అనలాగ్ ఆసిలేటర్‌లో వోల్టేజీని శ్రుతిగా మార్చే పని ట్రాన్సిస్టర్లది, వాటి నడత వేడిని బట్టి మారుతుంది. దాన్ని సరిదిద్దడానికి మంచి డిజైన్లలో వేడితో పాటు విలువ మారే రెసిస్టర్‌ని ఆ ట్రాన్సిస్టర్లకు ఆనించి పెడతారు. లేదంటే సీఈఎమ్ 3340 లాంటి చిప్ వాడతారు, అందులో ఆ దిద్దుబాటు లోపలే ఉంటుంది. అమ్మేవాణ్ణి మొదట అడగాల్సింది ఇదే.

మాటలు నమ్మకుండా మీరే చూడండి. స్విచ్చేసి అరగంట ఆగండి, చల్లగా ఉన్నప్పుడు కలిపిన శ్రుతి ఎలాగూ నిలవదు. ఫోన్‌లో ట్యూనర్ తెరిచి, కీబోర్డు మీద ఒకే స్వరాన్ని నాలుగు స్థాయిల్లో నొక్కండి. నా ఒకటిన్నరకైతే 69.3, 138.6, 277.2, 554.4 హెర్ట్జ్ రావాలి, అంటే ప్రతిసారీ రెట్టింపు. పైకి వెళ్లేకొద్దీ అదే పద్ధతిలో తేడా పెరుగుతుంటే, స్థాయిల మధ్య దూరాన్ని సరిచేసే స్కేల్ ట్రిమ్మర్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం తిప్పితే సరిపోతుంది. మరీ పై స్థాయిలో ఒక్కచోటే కాస్త కిందికి జారితే నేనైతే పట్టించుకోను, ఆలాపనకు అంత పైకి పోయే పనిలేదు.

రెండు ఆసిలేటర్లుంటే చెవే చాలు. రెండిటినీ కింది సా దగ్గర మోగిస్తే ధ్వని అలలా పెరిగి తగ్గుతుంది, ఆ అల ఆగేదాకా కలపండి. అలలు సెకనుకు ఒకటి వస్తున్నాయంటే తేడా ఒక హెర్ట్జ్ అన్నమాట. తర్వాత రెండిటికీ ఒకే కీ నుంచి మూడు స్థాయిలు పైకి పంపండి. అల గబగబా కొట్టుకోవడం మొదలైతే వాటిలో ఏదో ఒకటి తప్పుతోంది. ఈ పరీక్ష ఏసీ షాపులో కాదు, మీరు వాయించే గదిలో మధ్యాహ్నం మూడింటికి చెయ్యాలి.

ఇంత గోల ఎందుకు, డిజిటల్ కొంటే పోలేదా అంటారు. నిజమే, అందులో శ్రుతికి ఆధారం క్రిస్టల్, ఎండకు అంతగా చలించదు. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ వారి డిజిటల్ ఆసిలేటర్ ప్లైట్స్ 2018లో వచ్చింది. ఆ డిజైన్ అందరికీ తెరిచి ఇచ్చారు కాబట్టి వేరేవాళ్లు చేసినవీ దొరుకుతాయి. గంట మోత, తీగ మీటిన శబ్దం, గొంతులాంటి ధ్వని, అన్నీ ఒక్కదాంట్లోనే. కాకపోతే మనవాళ్లు ఒకటి గమనించాలి. కొన్ని డిజిటల్ ఆసిలేటర్లలో శ్రుతిని స్వరస్థానాలకు కట్టేసే క్వాంటైజర్ ఉంటుంది. దాన్ని ఆపే వీలు లేకపోతే గమకం జారదు, మెట్లెక్కుతుంది.

ఆసిలేటర్ ఇచ్చే అల ఆకారం (వేవ్‌ఫామ్) సంగతికొస్తే, ధ్వనిని వడకట్టే ఫిల్టర్ ఉన్నవాళ్లకు సా టూత్ (రంపపు పళ్ల ఆకారం), పల్స్ ఉండి తీరాలి. సా టూత్‌లో అన్ని అనుస్వరాలూ (హార్మోనిక్స్) ఉంటాయి, చెక్కడానికి సరుకు దండిగా దొరుకుతుంది. పల్స్ వెడల్పు సన్నం చేస్తే ధ్వని ముక్కులోంచి వస్తుంది, నాకది నాదస్వరం గుర్తుచేస్తుంది. ఫైన్ ట్యూన్ నాబ్ లేనిదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఎఫ్‌ఎమ్, అంటే ఒక ఆసిలేటర్‌తో ఇంకోదాని శ్రుతిని వేగంగా ఊపడం, కావాలంటే లీనియర్ రకం ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి, ఎక్స్‌పొనెన్షియల్‌తో లోతుగా వెళ్తే శ్రుతి పక్కకు పోతుంది. ఒక ఆసిలేటర్ అల ప్రతి చుట్టుకూ ఇంకోదాన్ని మొదటికి తెచ్చే హార్డ్ సింక్ ఉంటే మంచిదే, లేకపోయినా రోజులు గడుస్తాయి.

వెడల్పు హెచ్‌పీల్లో రాస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. 84 హెచ్‌పీల కేసులో 20 హెచ్‌పీల ఆసిలేటర్ పెడితే మిగతావాటికి చోటు వెతుక్కోవాల్సిందే. కరెంటు లెక్క +12, -12 వోల్టుల వైపులకు విడివిడిగా కూడి, కొంత మిగులు ఉంచండి. మాడ్యూల్‌కి కరెంటు ఇచ్చే రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మామూలుగా -12 వైపు ఉండాలి. ఒక రాత్రి పెళ్లి ప్రోగ్రాం ముగించుకుని వచ్చి, నిద్రకళ్లతో దాన్ని తిరగేసి పెట్టాను. స్విచ్చేసిన రెండు సెకన్లకు పొగ వాసన. ఆ బోర్డు ఇప్పటికీ కిటికీలో ఉంది.

మేనల్లుడికి మాత్రం ఇంకా ఏదీ కొనొద్దన్నాను. ముందు ల్యాప్‌టాప్‌లో వీసీవీ ర్యాక్ అనే మాడ్యులర్ సింథ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని నెల రోజులు వాయించమన్నాను, అది ఉచితమే. ఏ తీగ ఎక్కడికి పదేపదే లాగుతున్నాడో తేలాక, ఆ రకం ఒక్కటి చాలు. యూరప్ నుంచి తెప్పిస్తే ధర మీద కస్టమ్స్, జీఎస్టీ కూడా పడతాయి మరి.