ఇద్దరి పాస్‌పోర్టులూ ఒకే బ్యాగులో ఉన్నాయా? ముందు వాటిని విడదీయండి

పోయిన డిసెంబర్‌లో మాకు తెలిసిన ఒక కొత్త జంట ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్ చూడ్డానికి బయల్దేరింది. అక్టోబర్‌లో కాకినాడ నుంచి వచ్చారు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర కాపురం పెట్టి పది వారాలు కూడా కాలేదు. ఆఫెన్‌బర్గ్‌లో రైలు మారాక బ్యాక్‌ప్యాక్ తల మీది అరలో పెట్టి, కిటికీలోంచి ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నారు. మధ్యలో కేల్ స్టేషన్‌లో ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. స్ట్రాస్‌బర్గ్‌లో దిగబోతూ చూస్తే అర ఖాళీ.

బ్యాగులో ఆవిడ చేసిన పులిహోర, అతని పర్సు, రెండు పాస్‌పోర్టులు. ఇంకా రెసిడెన్స్ కార్డు రాలేదు కాబట్టి వీసా స్టిక్కర్లు కూడా ఆ పాస్‌పోర్టుల్లోనే ఉన్నాయి. అంటే ఈ దేశంలో ఉండడానికి వాళ్ల దగ్గరున్న ఆధారం మొత్తం ఒక్క జిప్పు వెనకాల ఉంది.

పోలీసు రిపోర్టు రాయించుకున్నారు. కాన్సులేట్‌కి ఫోన్ చేశారు. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడిగితే ఇస్తారు, కానీ అది ఇండియాకి వెళ్లడానికి మాత్రమే పనికొచ్చే కాగితం. దానితో తిరిగి రాలేరు. కాబట్టి కొత్త పాస్‌పోర్టు, ఆ తర్వాత వీసా సంగతి, వరసగా. సంక్రాంతికి తీసుకున్న టికెట్లు రద్దు చేసుకున్నారు. ఆవిడ పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉండి ఉంటే కనీసం ఒక్కరైనా ఊరెళ్లేవాళ్లు.

తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. క్రిస్మస్ ప్రయాణాల్లో మనవాళ్ల కొంప ముంచింది దొంగలూ కాదు, చలీ కాదు. అన్నీ ఒకరి దగ్గరే పెట్టడం. ఎక్కువ ఇళ్లలో ఆ ఒకరు భర్త. "ఆయన చూసుకుంటారులే" అని ఆవిడ, "నీకెందుకు, నా దగ్గరుంటే భద్రం" అని ఆయన. స్టేషన్‌కి వెళ్లే దారిలో "ఏవండీ, పాస్‌పోర్టులు పెట్టారా?" అని ఒక్కసారి అడిగితే బాధ్యత తీరిపోయినట్టే.

నన్నేమీ మినహాయించుకోవడం లేదు. మొదటి ఏడాది న్యూరెంబర్గ్ వెళ్తూ వూర్ట్స్‌బర్గ్‌లో మా ఆయన "రెండు నిమిషాల్లో కాఫీ తెస్తా" అని దిగారు. తలుపులు మూసుకున్నాయి. ఆయన ప్లాట్‌ఫామ్ మీద, నేను రైల్లో. టికెట్లు ఆయన ఫోన్లో, నా కార్డు ఆయన పర్సులో, పాస్‌పోర్టులు ఆయన భుజాన ఉన్న సంచిలో. నా ఫోన్లో డేటా లేదు, ఆయన జర్మన్ నంబరు నాకు నోటికి రాదు. టీసీ వచ్చి జర్మన్‌లో ఏదో అడిగితే నోరు పెగల్లేదు. పక్క సీటు పెద్దావిడ తన ఫోన్ ఇచ్చింది. దాంతో ఏం చేయను? నాకు గుర్తున్నది విజయవాడలో మా నాన్న నంబరు ఒక్కటే. నాన్నకి చేస్తే, నాన్న ఆయనకి చేశారు. మూడు దేశాలు తిరగొచ్చిన పెద్దమనిషిలా ఇవాళ జాగ్రత్తలు చెప్తున్నాను గానీ, ఆ రోజు నన్ను న్యూరెంబర్గ్‌లో దింపింది విజయవాడ.

కాగితాలు

ఎవరి పాస్‌పోర్టు వాళ్ల ఒంటి మీద ఉండాలి. ఒంటి మీద అంటే కోటు జేబు కాదు. ఇక్కడ బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్. రైలెక్కితే కోటు విప్పుతారు, హోటల్లో కుర్చీకి తగిలిస్తారు, మ్యూజియంలో కోట్లు తీసుకునే కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు. రోజుకి పదిసార్లు విప్పే బట్టలో పాస్‌పోర్టు పెట్టడం, దాన్ని దారిన పోయేవాళ్లకి అప్పజెప్పడమే. స్వెటర్ లోపల మెడకు వేలాడే పల్చటి పౌచ్ కొనుక్కోండి. రెండు కొనండి. ఒకటి కొని ఇద్దరివీ అందులో పెట్టేవాళ్లనీ చూశాను.

ఇంట్లో పెట్టి ఫొటో తీసుకెళ్తే చాలదా? చాలదు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. స్ట్రాస్‌బర్గ్, సాల్జ్‌బర్గ్, ప్రాగ్ ఎటు వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు పోలీసులు రైలెక్కవచ్చు. అసలు పాస్‌పోర్టు, అసలు పర్మిట్ చూపించాలి. ఫొటోలు అవి పోయినప్పటి కోసం. నీవి నా మెయిల్లో, నావి నీ మెయిల్లో.

వీసా స్టిక్కర్ మీది చివరి తేదీ ఇద్దరివీ విడివిడిగా చూడండి. భార్యాభర్తలకి ఒకే తేదీ ఉండాలని లేదు. దీర్ఘకాల వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. లండన్, డబ్లిన్ ఆ లెక్కలోకి రావు. లైట్లు బాగుంటాయని చౌక ఫ్లైట్ టికెట్ ముందు కొనేసి, వీసా సంగతి తర్వాత చూసుకున్నవాళ్లు ఉన్నారు.

స్విట్జర్లాండ్ సంగతి వేరు. ఫ్రాన్స్‌లోని కోల్మార్ నుంచి అక్కడి బాసెల్ గంటలోపే కదా అని సరదాగా వెళ్తారు. షెంగెన్ కాబట్టి వీసా ఇబ్బంది లేదు. కానీ అది యూరోపియన్ యూనియన్ (ఈయూ) కాదు, ఉచిత రోమింగ్ వర్తించదు. ప్లాన్‌లో స్విట్జర్లాండ్ లేకపోతే బిల్లు వాచిపోతుంది. ఇంకొకటి చాలామందికి తెలీదు: జర్మన్ ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపు ఉండే యూరోపియన్ హెల్త్ కార్డు, మనలాంటి ఈయూ బయటి పాస్‌పోర్టువాళ్లకి స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టన్‌స్టైన్‌లలో పనిచేయదు. అక్కడ మంచు మీద జారి మణికట్టు విరిగితే ఖర్చు మీదే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

తేదీలు, చలి

క్రిస్మస్ మార్కెట్ అంటే క్రిస్మస్ రోజు ఉంటుందనుకుంటాం. న్యూరెంబర్గ్‌లో 24 మధ్యాహ్నానికి కట్టేస్తారు. జర్మనీలో చాలా ఊళ్లు అంతే. ఆ తర్వాత కూడా చూడాలంటే వియన్నా రాట్‌హౌస్ (నగర పాలక భవనం) ముందు సాధారణంగా 26 దాకా, ప్రాగ్ పాతబస్తీలో జనవరి 6 దాకా ఉంటాయి. 24 మధ్యాహ్నం నుంచి 26 రాత్రి దాకా జర్మనీలో పాలప్యాకెట్ కోసం కూడా రైల్వే స్టేషన్ దుకాణాలే దిక్కు. బియ్యం, పప్పు, జ్వరం మాత్రలు 23కే తెచ్చుకోండి.

చలి గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పను. ఒక్క మాట: చలి పాదాల్లోంచి ఎక్కుతుంది. రాతి బండల మీద గంటలు గంటలు నిలబడతారు. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు తొడిగితే ఇంకా చల్లబడతాయి. ఊలు సాక్సులు ఒక జత, కాస్త వదులు బూట్లు. అంతే.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

బ్యాగు తల మీది అరలో పెట్టొద్దు. ఒళ్లో పెట్టుకోండి.

టికెట్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. డొయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్లకీ బస్సులకీ చెల్లే నెలవారీ పాస్) పేరు మీద ఇచ్చేది, మీది ఆవిడకి చెల్లదు.

ఇద్దరి దగ్గరా వేరు వేరు కార్డు, యాభై యూరోల నగదు. ఒకే జాయింట్ ఖాతా, ఒకే కార్డు అంటే మళ్లీ అదే తప్పు.

ఒకరి నంబరు ఒకరికి నోటికి రావాలి. ఇప్పుడే, ఇది చదవడం ఆపి, చెప్పించుకోండి. రాలేదా? కాగితం మీద రాసి పౌచ్‌లో పెట్టండి.

ఆవిడ ఫోన్లో డేటా లేకుండా ఊరు దాటొద్దు. "నా హాట్‌స్పాట్ ఉందిగా" అనొద్దు.

తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. స్ట్రాస్‌బర్గ్‌లో క్లేబర్ కూడలిలోని పెద్ద చెట్టు కింద మాత్రం వద్దు. ఊరంతా అక్కడే కలుస్తానంటుంది.

మార్కెట్ చుట్టూ సిమెంటు దిమ్మెలు చూసి ఫొటోలకి అడ్డమని విసుక్కోకండి. 2016లో బెర్లిన్‌లో, 2024లో మాగ్డెబర్గ్‌లో జనం మీదికి బండి తోలాకే అవి పెరిగాయి. పోలీసులు కదలమంటే కదలండి. బ్యాగు కోసం వెనక్కి వెళ్లొద్దు. పాస్‌పోర్టు మెడలో ఉన్నవాళ్లు వెళ్లరు కూడా.

ప్రాగ్‌లో రోడ్డు మీద డబ్బు మార్చొద్దు. ఎవరడిగినా, ఎంత ఇస్తామన్నా.

యూరో వాడని దేశంలో ఏటీఎం "యూరోల్లో తీసుకుంటారా" అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే నొక్కండి.

గ్లూవైన్ (మసాలా వేసి కాచిన వైన్) వేడిగా, తియ్యగా దిగుతుంది, కాఫీలాంటిది కాదు. తాగి బండి తీయొద్దు. చెక్ దేశంలో ఒక్క చుక్క ఉన్నా తప్పే. తాగనివాళ్లు మద్యం లేని కిండర్‌పున్ష్ అడగండి.

నాలుగున్నరకే చీకటి. చివరి రైలు ఎప్పుడో పొద్దున్నే చూసుకోండి.

పుస్తెలతాడు స్వెటర్ లోపలికి.

ఆపదొస్తే 112, ఈయూలో ఎక్కడైనా. జర్మన్ కార్డు పోతే బ్లాక్ చేయడానికి 116 116, బయటి దేశం నుంచైతే ముందు +49. ఆ నంబరు పోయిన ఫోన్లో సేవ్ చేసి లాభం లేదు. ఇద్దరూ రాసుకోండి.

రైలు ఆగిన రెండు నిమిషాల్లో కాఫీ కోసం దిగొద్దు.

పాస్‌పోర్టులు విడదీశారా? ఇంకా ఒకే బ్యాగులోనే ఉన్నాయా? లేవండి.