గేమ్‌లు ఆడే సమయాన్ని తగ్గించుకోవడం ఎలా?

ఇది పిల్లల కోసం రాస్తున్నది కాదు. ఉద్యోగం, సంసారం, నెల నెలా కట్టాల్సిన వాయిదాలు ఉండి కూడా రాత్రి ఒంటిగంట దాకా గేమ్ వదలలేని ముప్ఫై, నలభై ఏళ్లవాళ్ల కోసం. ముందు నా ఆట తగ్గించుకున్నాను. తర్వాత మా బావమరిది చేత, ఆఫీసులో మరో నలుగురి చేత తగ్గింపజేశాను. అందరూ మొదట చేసిన పొరపాటు ఒక్కటే: ఆదివారం రాత్రి తమమీద తమకే కోపం వచ్చి గేమ్‌ను ఫోన్‌లోంచి తీసేయడం, బుధవారానికల్లా మళ్లీ ఎక్కించుకోవడం.

దయచేసి అలా తీసేయకండి. మీ ఖాతా, ర్యాంకు, డబ్బు పెట్టి కొన్న వేషాలు అన్నీ కంపెనీ సర్వర్‌లో భద్రంగా ఉంటాయి, మళ్లీ ఎక్కించుకోగానే తిరిగొస్తాయి. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో ప్రభుత్వమే నిషేధించింది. ఆడేవాళ్లలో చాలామంది ఆట మానలేదు, ఇంకో షూటింగ్ గేమ్‌కు మారారు. 2021లో అదే ఆట బీజీఎంఐ పేరుతో రాగానే తిరిగి అక్కడికే చేరారు. దేశమంతటా తీసేస్తేనే పోని అలవాటు మీ ఒక్క ఫోన్‌లో తీసేస్తే పోతుందా?

1. లెక్క చూసుకోండి

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఏ రోజు ఎన్ని గంటలు ఆడారో చూపిస్తాయి. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు గేమ్‌లు కొని ఆడే స్టీమ్ యాప్‌లోని ప్రొఫైల్‌లో గత రెండు వారాల గంటలు కనిపిస్తాయి. ఒక వారం పాటు రోజూ కాగితం మీద రాయండి. కాగితం మీదే రాయాలి, ఫోన్‌లో కాదు.

2. ఫోన్‌ను సర్దండి

గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఐకాన్‌ను మొదటి తెర మీద నుంచి తీసేయండి. కార్డు వివరాలు చెరిపేయండి. పది నిమిషాల పని.

3. చివరి మ్యాచ్ దగ్గర ఆగండి

అందరూ తప్పేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

చాలామంది "రోజుకు గంట" అని టైమర్ పెట్టుకుంటారు. అది మ్యాచ్ మధ్యలో తెర మూసేస్తుంది, జట్టులో ఆడుతున్న ముగ్గురూ తిట్టుకుంటారు, మర్నాడే టైమర్ తీసేస్తారు. బీజీఎంఐ కూడా మధ్యలో ఆగిపోయి 2023లో తిరిగి వచ్చినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 6 గంటల పరిమితి పెట్టారు. ఉద్యోగం చేసేవాడికి రోజులో 6 గంటలు మిగలడమే కష్టం, ఇక దాన్ని పరిమితి అని ఎలా అనుకోవాలి? గంటలు లెక్కపెట్టడం వల్ల పని జరగదు. గడియారం చూసి, ఆట ముగించే సమయం కాకుండా, చివరి మ్యాచ్ మొదలుపెట్టే సమయం నిర్ణయించుకోండి. బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్‌లో చివరిదాకా నిలిస్తే ఒక మ్యాచ్‌కు దాదాపు అరగంట పడుతుంది. ఆ తర్వాత గుండె దడ తగ్గి నిద్ర పట్టడానికి ఇంకో అరగంట. పదకొండుకు పడుకోవాలంటే పది దాటాక స్టార్ట్ నొక్కకూడదు.

అసలు ప్రమాదం మ్యాచ్‌లో లేదు, మ్యాచ్ అయ్యాక వచ్చే లాబీలో, అంటే తర్వాతి మ్యాచ్‌కు స్టార్ట్ నొక్కే తెరలో ఉంది. ఓడితే ఇలా ఓడిపోయి పడుకోవాలా అనిపిస్తుంది. గెలిస్తే ఈరోజు చెయ్యి బాగా ఆడుతోంది అనిపిస్తుంది. రెండింటిలో ఏది జరిగినా వేలు స్టార్ట్ మీదికే వెళ్తుంది. మా బావమరిదిని ఒక రాత్రి బాల్కనీలో చూశాను. వాన జల్లుకు ఒక భుజం తడిసిపోయింది. ఫోన్ వేడెక్కితే చేతిరుమాలు చుట్టి పట్టుకున్నాడు. లోపల చంటిపాప లేస్తుందని "ఎడమవైపు ఇద్దరున్నారు" అని గుసగుసలాడుతున్నాడు. "ఇదే ఆఖరిది బావా" అన్నాడు. అప్పటికి ఆ మాట అనడం మూడోసారి.

కాబట్టి ఫలితాల తెర రాగానే, లాబీలోకి వెళ్లకుండా, అక్కడే యాప్ మూసేయండి. లేచి నిలబడండి. ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టండి. పడకగదిలో ఛార్జర్ ఉండనే కూడదు. అలారం కావాలంటే గడియారం కొనుక్కోండి.

స్క్వాడ్‌తో, అంటే నలుగురి జట్టుగా ఆడేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. "నేను వెళ్తున్నా" అని మ్యాచ్ అయ్యాక చెబితే ముగ్గురూ బతిమాలతారు, మీరు కాదనలేరు. ఆట మొదలుపెట్టే ముందే "పదికి మొదలయ్యేదే నాకు చివరిది, తర్వాత ఇంకొకరిని చూసుకోండి" అని చెప్పండి. నాలుగు రోజులు వరసగా చెబితే వాళ్లే ఏర్పాటు చేసుకుంటారు. టర్నులవారీగా సాగే వ్యూహాల ఆటలైతే టర్ను పూర్తయ్యేదాకా ఆగకండి. మధ్యలోనే సేవ్ చేసి లేవండి. టర్ను పూర్తయిందంటే కొత్త టర్నులో కొత్త కబురు కనిపిస్తుంది, మళ్లీ కూర్చుండిపోతారు.

మొదటి వారంలో ఒకటి రెండు రాత్రులు తప్పుతారు. అందుకు శిక్షగా మర్నాడు ఆట పూర్తిగా మానకండి. మళ్లీ అదే పది గంటల నియమానికి రండి, చాలు.

4. మిగిలిన సమయానికి ఒక మనిషిని చూసుకోండి

పుస్తకం చదువుతాను, వ్యాయామం చేస్తాను అనుకుంటే రీల్స్ చూస్తూ కూర్చుంటారు. ఎదురుచూసే మనిషి ఉండాలి. మా బావమరిది ఉదయం ఆరింటికి పక్కింటాయనతో షటిల్ ఆడటం మొదలుపెట్టాడు. తను వెళ్లకపోతే ఆయన కోర్టులో ఒక్కడే నిలబడతాడని, రాత్రి త్వరగా పడుకోవడం తనంతట తనే నేర్చుకున్నాడు.

5. ఇవన్నీ చేసినా ఆగకపోతే

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత కూడా ఉంది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా 12 నెలలు సాగడం చూస్తారు. మీ సంగతి అలా ఉందనిపిస్తే సిగ్గుపడకండి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థలో, గేమ్‌లు, ఫోన్ లాంటివి అతిగా వాడేవాళ్ల కోసం షట్ అనే క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. మొదటి వారం రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని మాట్లాడండి, ఎక్కడ మొదలుపెట్టాలో తడుముకోనక్కర్లేదు.