పాత మారుతి 800 ఇంజిన్‌లో టిక్ టిక్, టక టక: ఏ శబ్దం ఎక్కడిది, ఏం చేయాలి

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా ఆ కారూ, అదే ఇంజిన్‌తో తిరిగే ఓమ్నీ మన ఊళ్లలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు. పాత బండ్లలో సిలిండర్‌కు రెండు వాల్వులు, కార్బురేటర్. మొండి ఇంజిన్. కాకపోతే వయసు మీదపడ్డాక ఒకరోజు పొద్దున స్టార్ట్ చేయగానే నిన్నటిదాకా లేని శబ్దం ఒకటి మొదలవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "ఇంజిన్ పని పడింది సార్" అనేసే మేస్త్రీలకు కొదవ లేదు. ఆ మాటకు తల ఊపే ముందు ఇంట్లోనే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది పెద్ద విషయం కాదు. ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు తగ్గుతోంది, బరువు పడితే పెరుగుతోందా అన్నవే అసలు సంగతి బయటపెడతాయి. పైపైన గోలగోలగా కొట్టే టాపెట్ (వాల్వును నొక్కి తెరిచే భాగం) నెలల తరబడి బండిని నడవనిస్తుంది. లోపలి నుంచి మెత్తగా వినిపించే దెబ్బ పది కిలోమీటర్లలో ఇంజిన్‌ను పట్టేయొచ్చు.

అన్నిటికంటే ముందు ఆయిల్

బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేశాక కాసేపు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. కింది గీతకు దిగువన ఉంటే శబ్దం గురించి ఆలోచించడం ఆపి ముందు ఆయిల్ పోయండి. పాత ఇంజిన్లు రింగుల్లోంచి, వాల్వు సీళ్లలోంచి ఆయిల్ తాగుతాయి. మార్చి ఎన్నాళ్లయిందో గుర్తే లేకపోతే ఫిల్టర్‌తో సహా మార్చేసి, మళ్లీ వినండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయంటే నమ్మాలి.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఆరిపోయింది కదా, ప్రెషర్ బాగానే ఉందిలే అనుకోకండి. ప్రెషర్ దాదాపు సున్నాకు పడిపోతేనే ఆ లైటు వెలుగుతుంది. వేడెక్కిన ఇంజిన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా తిరుగుతూ, ఉన్నప్పుడు లైటు మినుకుమినుకుమంటోందంటే పరిస్థితి అప్పటికే ముదిరినట్టు. అనుమానం ఉంటే ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్‌ను ఇంజిన్ నుంచి విప్పి, దాని చోట ప్రెషర్ గేజి పెట్టి చూడమని మేస్త్రీని అడగండి. వేడి ఇంజిన్‌లో ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న మోటు లెక్క. మోటుదే అయినా పనికొస్తుంది.

వినడానికి ఒక పద్ధతి

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం ఎక్కడ బలంగా ఉందో తెలిసిపోతుంది. హెడ్ కవర్ మీద, పెట్రోల్ పంపు మీద, ఆల్టర్నేటర్ మీద, కింద సంపు (ఆయిల్ నిలిచే తొట్టి) మీద ఒక్కోచోటా ఆనించి వినండి. ఫ్యాన్ బెల్టుకు చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేయి తగలకుండా చూసుకోవాలి.

లయ కూడా వినాలి. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ ఎప్పుడూ, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగమే తిరుగుతుంది. ఇంజిన్ స్లోలో 900 ఆర్‌పీఎమ్ తిరుగుతుంటే, వదులైన ఒక టాపెట్ సెకనుకు ఏడెనిమిది సార్లు కొడుతుంది. కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) దెబ్బ అయితే అంతకు రెట్టింపు వేగంతో పడుతుంది. కాస్త అలవాటైతే ఈ తేడా చెవికి బాగానే పట్టుబడుతుంది.

లక్షణం: పైనుంచి సన్నగా, లయ తప్పని టిక్ టిక్. స్లోలో స్పష్టంగా ఉంటుంది, రేజ్ చేస్తే వేగం పెరుగుతుంది

కారణం చాలాసార్లు టాపెట్ గ్యాపే. ఈ ఇంజిన్‌లో హైడ్రాలిక్ టాపెట్లు లేవు. క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ ఆర్మ్ కొసన ఒక స్క్రూ, దాని మీద లాక్ నట్టు ఉంటాయి. అరుగుదలకు గ్యాప్ పెరిగిన కొద్దీ స్క్రూ మొన వాల్వు కాడ మీద దెబ్బ వేస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, వీలైతే రాత్రంతా ఆపి ఉంచాక, ఎయిర్ క్లీనర్ తీసి హెడ్ కవర్ విప్పండి. ప్లగ్గులు కూడా తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఏ సిలిండర్ టాపెట్లు సరిచేస్తున్నారో ఆ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకంటా రావాలి. అప్పుడు ఆ సిలిండర్ రెండు రాకర్లూ చేత్తో కదిపితే కొద్దిగా ఆడతాయి. ఫైరింగ్ వరుస 1-3-2 కాబట్టి ఒకటో సిలిండర్ అయ్యాక మూడు, తర్వాత రెండు చూసుకుంటే క్రాంక్‌ను తక్కువ తిప్పుకోవచ్చు. బండి మాన్యువల్‌లో చల్లని ఇంజిన్‌కు ఇచ్చిన కొలత ఉన్న ఫీలర్ గేజి (సందులు కొలిచే పలుచటి రేకుల కట్ట) రేకును సందులో పెట్టి లాగితే కొంచెం పట్టీ పట్టనట్టు రావాలి. స్క్రూను కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా ఒక వెంట్రుక వాసి తిరిగిపోతుంది. కవర్ గ్యాస్కెట్ గట్టిపడిపోయి ఉంటే కొత్తది వేయండి, లేదంటే రేపటి నుంచి ఆయిల్ కారడం అనే ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

ఇంతా చేశాక కూడా టిక్ పోలేదంటే స్క్రూ మొనను భూతద్దంతో చూడండి. గుండ్రంగా ఉండాల్సిన మొన అరిగి చదునై ఉంటుంది, లేదా అది తగిలే వాల్వు కాడ కొస మీద చిన్న గుంట పడి ఉంటుంది. ఫీలర్ గేజి రేకు ఆ గుంటలోకి దిగదు, అంచుల మీదే ఆగుతుంది. గేజి సరైన కొలతే చూపిస్తుంది, అసలు గ్యాప్ మాత్రం గుంట లోతంత ఎక్కువే ఉంటుంది. మేస్త్రీ రెండుసార్లు టాపెట్ పెట్టినా సౌండ్ పోలేదంటే ఆయన పనితనం మీద అనుమానపడే ముందు ఇది చూడాలి. దీనికి అరిగిన భాగాన్ని మార్చడమే మందు.

ఇంకో మాట. శబ్దం అస్సలు ఉండకూడదని టాపెట్లు బిగించేయమని అడిగే యజమానులు ఉంటారు. ఇది మంచిది కాదు. గ్యాప్ లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు వేడికి కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది. గ్యాస్ మీద నడిచే ఓమ్నీల్లో వాల్వు సీటు అరిగి గ్యాప్ దానంతట అదే తగ్గుతూ పోతుంది. అలాంటి బండి నిశ్శబ్దంగా ఉందని సంబరపడకుండా అప్పుడప్పుడూ కొలిపించాలి.

లక్షణం: చల్లని ఇంజిన్‌లో టిక్ టిక్, వేడెక్కాక తగ్గిపోతుంది

అచ్చం టాపెట్‌లాగే ఉంటుంది కానీ చాలాసార్లు ఇది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టం) గ్యాస్కెట్ లీకు, లేదా విరిగిన స్టడ్డు. ఇనుము వేడికి సాగి సందు మూసుకోగానే శబ్దం ఆగిపోతుంది. మానిఫోల్డ్ హెడ్‌కు కలిసే చోట నల్లటి మసి చార ఉందేమో చూడండి. ఇంకొకరిని సైలెన్సర్ గొట్టం చివర దళసరి గుడ్డతో ఒక్క క్షణం అడ్డం పెట్టమంటే, లీకు దగ్గర బుస్సుమని వినిపిస్తుంది. గ్యాస్కెట్ మార్చాలి. తుప్పు పట్టిన స్టడ్డులను బలవంతంగా తిప్పితే హెడ్‌లోనే విరుగుతాయి, ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి.

వదులైన స్పార్క్ ప్లగ్గు కూడా ఇలాంటి చప్పుడే చేస్తుంది. ప్లగ్గు చుట్టూ సబ్బు నీళ్లు వేస్తే బుడగలొస్తాయి. బిగిస్తే సరి.

మసీ లేదు, బుడగలూ లేవు, పైగా చప్పుడు టిక్ కంటే మొద్దుగా ఉందంటే అది పిస్టన్ దెబ్బ కావచ్చు. సిలిండర్ బోరు అరిగి, చల్లని పిస్టన్ గోడలకు తగులుతూ ఉంటుంది. కొద్ది నిమిషాల్లో పోయి, ఆయిల్ తాగుడు, నీలం పొగ లేకుండా ఉంటే దాన్ని అలాగే వదిలేయొచ్చు. ఆ ఒక్క చప్పుడు కోసం బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించడం డబ్బు దండగ.

లక్షణం: బరువు పడితే గలగల

నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడో, మే నెల ఎండలో నలుగురిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు పట్టినప్పుడో డబ్బాలో గోళీలు ఆడించినట్టు గలగలమంటుంది. యాక్సిలరేటర్ వదిలితే టక్కున ఆగుతుంది. ఇది ఏ భాగమూ వదులై వచ్చే శబ్దం కాదు, సిలిండర్‌లో పెట్రోల్ సరైన వేళకు కాక అడ్డదిడ్డంగా మండటం. ఇగ్నిషన్ టైమింగ్ మరీ ముందుకు ఉండటం, పిస్టన్ మీద కార్బన్ పేరుకోవడం, రేడియేటర్ పూడిపోయి ఇంజిన్ కాగిపోవడం, తప్పు రకం ప్లగ్గులు, కల్తీ పెట్రోల్ దీనికి కారణాలు. ముందు టైమింగ్ లైటుతో డిస్ట్రిబ్యూటర్ సరిచేయించండి. ఈమధ్య ప్రతి శబ్దానికీ ఇథనాల్ పెట్రోల్‌ను తిట్టడం అలవాటైంది. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ (ఇలా అడ్డదిడ్డంగా మండకుండా ఆగే గుణం) పెరుగుతుంది, తగ్గదు. అది పాత బండికి చేసే చెరుపు రబ్బరు గొట్టాల దగ్గర, కార్బురేటర్ సీళ్ల దగ్గర చూడాలి. ఇథనాల్ వల్ల గాలి-పెట్రోల్ మిశ్రమం పలచబడితే కార్బురేటర్ సెట్టింగు కూడా చూపించాలి.

లక్షణం: ముందువైపు నుంచి టకటక, గరగర

ఆల్టర్నేటర్ బేరింగు, వాటర్ పంపు, పగిలిన బెల్టు. ఫ్యాన్ బెల్టు తీసేసి ఇంజిన్‌ను అర నిమిషం, అంతకు మించకుండా నడపండి. శబ్దం పోతే ఇంజిన్‌ది కాదు. పోకపోతే టైమింగ్ బెల్టు కవర్‌కు తగులుతోందేమో, టెన్షనర్ వదులైందేమో చూడాలి. క్లచ్ నొక్కితే మారే శబ్దం గేరుబాక్సు వైపుది. హెడ్ పక్కన ఉండే పెట్రోల్ పంపును క్యామ్‌షాఫ్టే నడుపుతుంది కాబట్టి, అది అరిగినా టాపెట్ లయలోనే కొడుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి వింటే తెలిసిపోతుంది.

లక్షణం: కింది నుంచి లోతుగా దెబ్బ

ఇది మాత్రం ఆషామాషీ కాదు. వేడెక్కిన కొద్దీ పెరుగుతుంది, రేజ్ చేసి వదిలే క్షణంలో ఇంకా బాగా వినిపిస్తుంది. తోడుగా ఆయిల్ లైటు మినుకుమంటుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగే అనుకోవాలి. ఏ సిలిండరో తేల్చడానికి ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, దాన్ని బాడీకి తగిలేలా కట్టి, మళ్లీ స్టార్ట్ చేసి కొద్ది సెకన్లు వినండి. నడుస్తున్న ఇంజిన్‌లో తీగ పీకితే షాకు కొడుతుంది. ఏ తీగ తీస్తే దెబ్బ తగ్గిందో ఆ సిలిండర్‌లోనే సమస్య. టాపెట్ శబ్దం అయితే తీగ తీసినా మారదు. కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఉన్న బండిలో ఈ పరీక్షను మరీ క్లుప్తంగా ముగించాలి, మండని పెట్రోల్ దాన్ని పాడు చేస్తుంది.

తర్వాత ఆయిల్‌ను తెల్లటి గిన్నెలోకి వదిలి ఎండలో పెట్టి చూడండి. మెరిసే లోహపు పొడి, రేకులు కనిపిస్తే ఇక బండిని నడపొద్దు, షెడ్డుకు కూడా తోలుకుంటూ వెళ్లొద్దు, తాడు కట్టి లాగించండి. ఇప్పుడే ఆపితే బేరింగులతో, మహా అయితే క్రాంక్‌ను లేత్ షాపులో 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేయడంతో పోతుంది. నడిపితే రాడ్డు బ్లాకునే పగలగొడుతుంది. అప్పుడు ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వెతుక్కోవాల్సిందే. బేరింగులు మార్చేటప్పుడు ఆయిల్ పంపు, దాని జాలీ చూడకుండా ఇంజిన్ మూయనివ్వకండి. బేరింగు పోవడానికి కారణం అక్కడే ఉంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

పాత బండి కొనేవాళ్లకు

చిక్కటి ఆయిల్ పోసో, డబ్బాల్లో అమ్మే మందు కలిపో ఈ శబ్దాలన్నిటినీ కొన్ని రోజులు దాచొచ్చు. అందుకే బండి చూడటానికి వెళ్తే ముందుగా బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి, మీ చేత్తోనే మొదటిసారి స్టార్ట్ చేయండి. మొదటి నిమిషం వినండి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తిప్పి, స్లోలో పెట్టి, ఆయిల్ లైటు చూస్తూ మళ్లీ వినండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేనెలా సాగుతుంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు.