వాల్ మౌంట్ ఎంచుకోవడం: అంగుళాలు కాదు, టీవీ వీపు చూడండి

టీవీని గోడకు బిగించే మౌంట్ డబ్బా మీద "32 నుంచి 65 అంగుళాల వరకు" అని రాసి ఉంటుంది. ఆ లెక్కను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఒకే సైజు టీవీలు రెండింటికి బరువులో అయిదారు కిలోల తేడా ఉండొచ్చు, వెనక రంధ్రాల మధ్య దూరం కూడా వేరుగా ఉండొచ్చు. చూడాల్సినవి మూడు: రంధ్రాల కొలత, స్టాండు లేకుండా టీవీ బరువు, మీ గోడ దేనితో కట్టింది.

రంధ్రాల కొలతను వెసా అంటారు. టీవీ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలుంటాయి. అడ్డంగా ఒక రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు, తర్వాత నిలువుగా, మిల్లీమీటర్లలో కొలవండి. 100×100, 200×200, 400×200, 400×400, 600×400 ఎక్కువగా కనిపిస్తాయి. మొదటి అంకె అడ్డం కొలత. 400×200 టీవీకి 200×400 అని రాసిన మౌంట్ సరిపోదు, కొనేటప్పుడు ఈ పొరపాటు చేయకండి.

ఇక రకం. టీవీకి ఎదురుగానే కూర్చుంటే, తెర కళ్ల ఎత్తులోనే ఉంటే, కదలని ఫిక్స్‌డ్ మౌంట్ చాలు. గోడకు దగ్గరగా ఉంటుంది, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. అయితే హెచ్‌డీఎంఐ, కరెంటు ప్లగ్గులు టీవీ వీపులోకి నేరుగా దూరేలా ఉంటే, బాగా పలచని మౌంట్‌లో కేబుల్ మెడ విరుగుతుంది. ప్లగ్గు పెట్టి చూసి, వెనక ఎంత చోటు కావాలో ముందే కొలుచుకోండి. టీవీ ఎత్తులో పెట్టక తప్పనప్పుడు, లేదా కిటికీ వెలుగు తెర మీద పడుతున్నప్పుడు, కిందికి వంగే టిల్ట్ మౌంట్ తీసుకోండి.

చేయిలా బయటికి సాగే ఫుల్ మోషన్ మౌంట్ అందరికీ నచ్చుతుంది, కానీ అవసరం ఉండేది కొందరికే. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 123 సెం.మీ. దాన్ని గోడకు లంబంగా తిప్పాలంటే చేయి కనీసం 62 సెం.మీ. సాగాలి. 40 డిగ్రీలు చాలనుకున్నా 40 సెం.మీ. కావాలి. పొట్టి చేయి కొంటే టీవీ అంచు గోడకు తగిలి ఆగిపోతుంది. బరువు సంగతి ఇంకా ముఖ్యం. 20 కిలోల టీవీ గోడ నుంచి 50 సెం.మీ. బయటికి వచ్చి, గోడ ప్లేటులో పై, కింది బోల్టుల మధ్య 20 సెం.మీ. ఉంటే, పై బోల్టుల్ని సుమారు 50 కిలోల బలం బయటికి లాగుతుంది. అందుకే ఈ రకం బలమైన గోడకే.

గట్టి ఇటుక, కాంక్రీటు గోడలకు ఏ రకమైనా పడుతుంది. కానీ ఇటుక గోడ మీది ప్లాస్టరింగ్ బరువు మోయదు. డ్రిల్ చేస్తుంటే మొదట సిమెంటు పొడి, తర్వాత ఇటుక పొడి రాలుతుంది. రంగు మారిన లోతు చూసుకోండి. అది 15 మి.మీ. ఉంటే, స్క్రూను పట్టి ఉంచడానికి గోడ రంధ్రంలో పెట్టే 50 మి.మీ. ప్లగ్గును అంత లోపలికి దించి, 75 మి.మీ. స్క్రూ, 80 మి.మీ. లోతు రంధ్రం వేయాలి. పొడిని ఊది తీసేయకపోతే ప్లగ్గు బిగుసుకోదు. తేలిక బ్లాకుల గోడకు డ్రిల్‌లో హ్యామర్ మోడ్ వాడకూడదు, దానికి ప్రత్యేకమైన ప్లగ్గులే వేయాలి. జిప్సం బోర్డు అయితే లోపలి నిలువు ఫ్రేములకే బిగించాలి. అవి సాధారణంగా 40 లేదా 60 సెం.మీ. దూరంలో ఉంటాయి కాబట్టి గోడ ప్లేటు రెండింటికీ అందేంత వెడల్పుండాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, వైర్లు ఆ దారినే వెళ్తాయి.

టీవీకి బిగించే స్క్రూలు తక్కువ లోతు దిగితే ఊడతాయి, ఎక్కువ దిగితే లోపలి భాగాలు పగులుతాయి. రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి లోతు కొలవండి. లోతు 12, టీవీకి బిగించే బ్రాకెట్ మందం 2, రెంటి మధ్య పెట్టే గొట్టం లాంటి స్పేసర్ 10 మి.మీ. అయితే 20 మి.మీ. స్క్రూ 8 మి.మీ. లోపలికి దిగుతుంది, సరిపోతుంది. 25ది అడుగున తగులుతుంది. మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. తిరగకపోతే అది ఆ రంధ్రం స్క్రూ కాదు, బలవంతం చేయొద్దు.

ఎత్తు గుర్తు పెట్టేటప్పుడు తెర మధ్యను, వెసా మధ్యను ఒకటే అనుకోకండి. చాలా టీవీల్లో వెసా కిందికి ఉంటుంది. కూర్చున్నప్పుడు కళ్లు నేల నుంచి 105 సెం.మీ. ఎత్తులో ఉన్నాయనుకుందాం. టీవీ ఎత్తు 71 అయితే కింది అంచు సుమారు 70 దగ్గర రావాలి. వెసా మధ్య కింది అంచుకు 28 సెం.మీ. పైన ఉంటే గోడ మీద గుర్తు 98 దగ్గర. బ్రాకెట్ కొక్కెం వెసా మధ్యకు ఎంత పైన ఉందో కొలిచి కలిపి, అప్పుడు రసమట్టం పెట్టి గీత గీయండి. తగిలించాక కింది లాక్ స్క్రూలు బిగించడం మర్చిపోతే, దుమ్ము తుడిచేటప్పుడు టీవీ కొక్కెం నుంచి లేచి వస్తుంది.